ఉబుంటు డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో టీవీ స్టాండు కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. మా పెళ్ళి క్యాసెట్ నుంచి మొన్నటి అన్నప్రాశన దాకా ఇంటి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి, జెల్లీఫిన్ వాటిని టీవీలో చూపిస్తుంది. ఇది చూసినవాళ్ళందరూ "మాకూ పెట్టుకోవచ్చా?" అని అడుగుతారు. పెట్టుకున్నాక ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలే ఇవి.

ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. కమాండ్లను పలికినట్టు తెలుగులోనే రాశాను. మీరు మాత్రం టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) ఇంగ్లీషులో, పెద్ద అని చెప్పిన చోట తప్ప చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

జెల్లీఫిన్ అంటే ఏంటి? సినిమాలు అదే ఇస్తుందా?

ఇవ్వదు. మీ డిస్కులో మీరు పెట్టుకున్న వీడియోలు, పాటలు, ఫొటోలను ఇంట్లో ఉన్న టీవీకి, ఫోన్లకి, ట్యాబ్‌లకి అందిస్తుంది, అంతే. ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇవ్వొచ్చు.

దీని పుట్టుక గురించి రెండు మాటలు. ఎంబీ అనే మీడియా సర్వర్ మొదట్లో ఓపెన్ సోర్స్‌గా ఉండేది. 2018లో వాళ్ళు కోడ్ ఇవ్వడం ఆపేశారు. అప్పటిదాకా బయట ఉన్న 3.5.2 వెర్షన్ కోడ్ పట్టుకుని కొందరు ఆ డిసెంబరులోనే వేరు కాపురం పెట్టారు. అదే జెల్లీఫిన్. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు. ప్రీమియం ప్లాన్ లేదు, ఇంకొకరి సైట్‌లో ఎకౌంటు తెరవక్కర్లేదు. ఇంటర్నెట్ పోయినా ఇంట్లో టీవీకి వీడియో వస్తూనే ఉంటుంది. నాకు నచ్చింది ఇదే.

సర్వర్ అన్నారు కదా, ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేసుకోవాలా?

అక్కర్లేదు. రెండింటి ప్యాకేజీలూ ఒకే చోట నుంచి వస్తాయి, లోపల ఉన్నదీ అదే లినక్స్. సర్వర్ ఎడిషన్‌లో బొమ్మల తెర ఉండదు, డెస్క్‌టాప్‌లో ఉంటుంది. ఆ తెర ఒక జీబీ పైన మెమరీ తింటుంది, నిజమే. ఎనిమిది జీబీ ఉన్న మెషీన్‌లో దాని గురించి బాధపడక్కర్లేదు.

అసలు తేడా వేరే ఉంది. డెస్క్‌టాప్ అనేది ఎదురుగా ఒక మనిషి కూర్చుంటాడన్న లెక్కలో తయారైంది. ఆ మనిషి లేస్తే అది నిద్రపోతుంది. ఆయన లాగిన్ అయితేనే పెన్‌డ్రైవ్ తెరుస్తుంది. ఆయన ఫోల్డర్‌కి తాళం వేసి, తాళంచెవి ఆయనకే ఇస్తుంది. సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి ఈ మర్యాదలేవీ పనికిరావు. అది మీ పేరుతో నడవదు, మీరు లాగిన్ అయ్యేదాకా ఆగదు. ఈ పేజీలో సగం ప్రశ్నలు ఇక్కడి నుంచే పుట్టాయి.

ఎలాంటి కంప్యూటర్ కావాలి? కరెంటు బిల్లు ఎంతొస్తుంది?

పదేళ్ళ నాటి ఐ3 అయినా ఇంటి వీడియోలకి చాలు. టీవీకి అర్థమయ్యే ఫార్మాట్‌లో వీడియో ఉంటే సర్వర్ చేసేది ఫైల్‌ని అందించడమే. దానికి బలం అక్కర్లేదు. ఫార్మాట్ మార్చాల్సి వస్తే కథ వేరు, అది కింద చెప్తాను.

కరెంటు లెక్క మీరే వేసుకోండి. 60 వాట్లు లాగే డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు. 15 వాట్ల పాత లాప్‌టాప్ అయితే 11 యూనిట్ల లోపే. లాప్‌టాప్‌కి ఇంకో లాభం, బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్. స్క్రీన్ పగిలి అటక మీద పడేసిన లాప్‌టాప్ ఉంటే ముందు దాన్ని దింపండి.

ఉబుంటు యాప్ సెంటర్‌లో జెల్లీఫిన్ కోసం వెతకాలా? ఎక్కడ నుంచి ఎక్కించాలి?

అక్కడ వెతక్కండి. సర్వర్ ఉబుంటు సొంత ప్యాకేజీల్లో లేదు. జెల్లీఫిన్ వాళ్ళే తమ ప్యాకేజీల రిపాజిటరీ, అంటే గోదాము, నడుపుతున్నారు. వాళ్ళ సైట్‌లో డౌన్‌లోడ్స్ పేజీకి వెళ్ళి ఉబుంటు ఎంచుకుంటే ఒక్క లైను కమాండ్ కనిపిస్తుంది. కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో ఒక స్క్రిప్ట్ తెచ్చి, దాన్ని సుడో బ్యాష్‌కి అందించే లైను అది (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం, బ్యాష్ అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్). ఆ స్క్రిప్ట్ వాళ్ళ రిపాజిటరీని మీ మెషీన్‌లో చేర్చి, జెల్లీఫిన్ ప్యాకేజీలను దింపుతుంది. వీడియో ఫార్మాట్లు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా వాళ్ళదే ఒకటి దాంతో పాటు వస్తుంది. కర్ల్ దొరకలేదని ఉబుంటు గొణిగితే ముందు దాన్ని ఎక్కించుకోండి: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కర్ల్.

ఇంటర్నెట్ నుంచి వచ్చిన స్క్రిప్ట్‌ని చదవకుండా సుడోకి అప్పగించడం నాకు ఇష్టం ఉండదు. ఇంటి తాళాలు కొరియర్ అబ్బాయికి ఇచ్చినట్టే. ముందు ఫైల్‌గా దింపుకుని, ఎడిటర్‌లో ఒకసారి పైనుంచి కిందకి చూసి, అప్పుడు నడపండి. అంతా అర్థం కాకపోయినా పర్లేదు, కనీసం అది సగంలో తెగిపోయిన ఫైలు కాదని తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ అయింది అంటోంది, కానీ ఐకాన్ ఎక్కడా రాలేదు. ఏం చేయాలి?

ఎక్కువ ఫోన్లు దీని గురించే. ఐకాన్ రాదు. సర్వర్‌కి కిటికీ ఉండదు, అది వెనక నడిచే సర్వీసు. ఉబుంటులో ప్యాకేజీ ఎక్కగానే సర్వీసు తనంతట తానే మొదలవుతుంది, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా కూడా లేస్తుంది. (ఫెడోరాలో ఇలా కాదు, అక్కడ మీరే మొదలుపెట్టాలి.)

నడుస్తోందా లేదా అని అడగాలంటే: సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జెల్లీఫిన్. ఆకుపచ్చ రంగులో యాక్టివ్, రన్నింగ్ అని కనిపిస్తే సంతోషం. అప్పుడు బ్రౌజర్ తెరిచి అడ్రస్ దగ్గర లోకల్‌హోస్ట్, కోలన్, 8096 అని కొట్టండి. భాష, అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పేజీలు వస్తాయి. ఈ పని వెంటనే ముగించేయండి. మీరు అడ్మిన్‌ని పెట్టేదాకా మీ వైఫైలో ఉన్న ఎవరైనా ఆ పేజీ తెరిచి తామే అడ్మిన్ అయిపోవచ్చు.

ఎరుపు రంగులో ఫెయిల్డ్ అని వస్తే కంగారు పడకండి. జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ జెల్లీఫిన్ అని కొడితే అది చివరిగా ఏం చెప్పి పడిపోయిందో కనిపిస్తుంది. నాకు ఫోన్ చేసే ముందు ఆ చివరి పది లైన్లు చదవండి. పదికి ఏడుసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

వీడియోస్ ఫోల్డర్ చూపించాను, లైబ్రరీ మాత్రం ఖాళీగా ఉంది. ఫైళ్ళు నాకు కనిపిస్తున్నాయే?

మీకు కనిపిస్తాయి, జెల్లీఫిన్‌కి కనిపించవు. ప్యాకేజీ ఎక్కేటప్పుడు జెల్లీఫిన్ అనే పేరుతో ఒక కొత్త యూజర్ పుడతాడు. సర్వర్ నడిచేది ఆ యూజర్ పేరుతోనే. మీ ఇంట్లో అద్దెకి దిగిన మనిషి అనుకోండి. హాలు దాకా రాగలడు, మీ బెడ్‌రూమ్ తలుపు తీయలేడు.

ఒకప్పుడు ఉబుంటులో హోమ్ ఫోల్డర్ అందరూ చదవగలిగేలా ఉండేది. 21.04 వెర్షన్ నుంచి దాని పర్మిషన్ 750 చేశారు. అంటే మీకు పూర్తి హక్కు, మీ గ్రూపుకి చదివే హక్కు, మిగతా వాళ్ళకి సున్నా. మంచి నిర్ణయమే. కానీ పాత గైడ్లు చూసి "హోమ్‌లోని వీడియోస్ ఫోల్డర్ ఇవ్వండి" అన్నది నమ్మినవాళ్ళు ఇక్కడ ఇరుక్కుంటారు.

కళ్ళారా చూడాలంటే నేమ్‌ఐ అనే చిన్న కమాండ్ ఉంది. నేమ్‌ఐ మైనస్ ఎల్ అని కొట్టి, పక్కన మీ వీడియో ఫైల్ పూర్తి దారి ఇవ్వండి. పై గుమ్మం నుంచి ఫైల్ దాకా ఒక్కో మెట్టూ ఒక్కో లైనులో వస్తుంది. ప్రతి లైను మొదట్లో పర్మిషన్ అక్షరాలు ఉంటాయి. వాటిలో చివరి మూడూ చూడండి. మీ పేరున్న ఫోల్డర్ దగ్గర అవి మూడు గీతలుగా, "---" అని ఉంటాయి. అదే ఆ మూసిన తలుపు. లోపల వీడియోస్ ఫోల్డర్‌ని ఎంత బార్లా తెరిచినా లాభం లేదు, దారిలో ఒక్క తలుపు మూసి ఉన్నా లోపలికి పోలేడు. ఖాయం చేసుకోవాలంటే ఆ మనిషి వేషంలోనే వెళ్ళి చూడండి: సుడో మైనస్ యూ జెల్లీఫిన్ ఎల్‌ఎస్, పక్కన ఫోల్డర్ దారి. పర్మిషన్ డినైడ్ అంటే రోగం దొరికినట్టే.

మందు రెండు రకాలు. నేను చెప్పేది మొదటిదే: వీడియోలను హోమ్‌లోంచి బయటకి తెచ్చేయండి. /ఎస్‌ఆర్‌వీ అనే ఫోల్డర్ లినక్స్‌లో సర్వర్లు అందించే సరుకు కోసమే ఉంది. అందులో మీడియా అని ఒకటి తెరిచి, ఛోన్ అనే యజమానిని మార్చే కమాండ్‌తో మీ పేరు మీదకి మార్చుకోండి. మీరు రాస్తారు, జెల్లీఫిన్ చదువుతుంది. రెండోది, వీడియోలు కదపడం ఇష్టం లేకపోతే సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో జెల్లీఫిన్ యూజర్ ఒక్కడికే మీ హోమ్ గుమ్మం దాటే హక్కు, అంటే ఎక్స్ ఒక్కటే ఇవ్వొచ్చు. దాంతో ఫోల్డర్లో ఏముందో జాబితా చూడలేడు, దాటి మాత్రం పోగలడు. ఆపైన వీడియోస్ ఫోల్డర్‌కి చదివే హక్కు ఉందో లేదో చూసుకోండి.

ఛ్‌మోడ్ 777 కొట్టి అందరికీ అన్ని హక్కులూ ఇస్తే ఈ బాధ ఒక్క దెబ్బకి పోతుంది కదా?

పోతుంది, మీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) తాళాలు, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు కూడా అందరికీ తెరుచుకుంటాయి. హోమ్ మొత్తానికి కొడితే ఎస్‌ఎస్‌హెచ్ ఆ తాళాలను వాడనని మొండికేస్తుంది కూడా. వద్దు.

ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉన్న వీడియోలు లాగిన్ అయినప్పుడు కూడా కనిపించట్లేదు. ఎందుకు?

పైన చెప్పిన కథే, కొంచెం ముదిరి. డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ డిస్క్ గుచ్చితే అది /మీడియా కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. ఆ ఫోల్డర్‌ని మీకు మాత్రమే కనిపించేలా సిస్టమ్ కడుతుంది. పైగా మీరు లాగిన్ అయ్యాకే ఇది జరుగుతుంది. సర్వర్ మాత్రం మీకంటే ముందే లేచి, ఆ చోట ఏమీ లేదని చూసి ఊరుకుంటుంది.

అందుకే డిస్క్‌కి శాశ్వత చిరునామా ఇవ్వాలి. ఆ పని చేసేది /ఈటీసీ లోని ఎఫ్‌స్టాబ్ ఫైల్. బ్లాక్‌ఐడీ కమాండ్‌తో డిస్క్ యూయూఐడీ (ఆ డిస్క్‌కి మాత్రమే ఉండే గుర్తు) తీసుకుని, ఒక లైను చేర్చాలి: ఆ యూయూఐడీ, తెరుచుకోవాల్సిన చోటు (నేను /ఎస్‌ఆర్‌వీ/డిస్క్ అని పెట్టాను), ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు. ఎస్‌డీబీ1 లాంటి పేరు వాడకండి, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే రేపు అదే పేరు దానికి పోవచ్చు.

ఆప్షన్లలో నోఫెయిల్ అనే మాట మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను. మిక్సీకి ప్లగ్ పాయింట్ కావాలని మా ఇంట్లో ఎవరో డిస్క్ అడాప్టర్ తీశారు. ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవలేదు. మానిటర్ తెచ్చి తగిలిస్తే నల్ల తెర మీద డిస్క్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక లైను, పక్కన సెకన్లు లెక్క. తొంభై సెకన్లు అయ్యాక ఎమర్జెన్సీ మోడ్ అని చెప్పి ఆగిపోయింది. ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న డిస్క్ రాకపోతే ఉబుంటు బూట్ కావడానికే ఒప్పుకోదు. నోఫెయిల్ ఉంటే "రాలేదా, సరే" అని ముందుకి పోతుంది. లైను రాశాక రీస్టార్ట్ చేసి దేవుడి మీద భారం వేయకుండా సుడో మౌంట్ మైనస్ ఏ కొట్టి చూడండి. తప్పుంటే అక్కడే చెప్తుంది.

అది విండోస్ వాడిన డిస్క్ అయితే?

విండోస్ డిస్కుల ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని లినక్స్ చదువుతుంది, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) 5.15 నుంచి దానికి సొంత డ్రైవరే ఉంది. కానీ లినక్స్ పర్మిషన్లు దానికి తెలియవు కాబట్టి ఎవరు చదవాలో ఎఫ్‌స్టాబ్ లైనులోనే యూఐడీ (యజమాని నంబర్), జీఐడీ (గ్రూపు నంబర్), యూమాస్క్ (ఏ హక్కులు తీసేయాలో)లతో చెప్పాలి. డ్యూయల్ బూట్ మెషీన్ అయితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, డిస్క్‌ని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

కంప్యూటర్‌లో బాగానే వస్తోంది, టీవీలో సర్వర్ దొరకట్లేదు.

టీవీ యాప్‌లో లోకల్‌హోస్ట్ అని ఇచ్చారేమో చూడండి. లోకల్‌హోస్ట్ అంటే "నేనే" అని. టీవీలో కొడితే టీవీ తనలో తాను వెతుక్కుంటుంది. సర్వర్‌లో హోస్ట్‌నేమ్ మైనస్ పెద్ద ఐ కొడితే 192.168తో మొదలయ్యే నంబర్ వస్తుంది, అది ఇచ్చి 8096 తగిలించండి. రూటర్ ఆ నంబర్ మార్చేస్తే వారం తర్వాత మళ్ళీ పోతుంది. రూటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ఆ మెషీన్‌కి ఒకే నంబర్ రాసిచ్చేయండి.

అప్పటికీ రాకపోతే రెండు చోట్ల చూడండి. టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో, గెస్ట్‌లో ఉన్నవి ఇంటి మెషీన్లను చూడకుండా రూటరే అడ్డం పడుతుంది. రెండోది ఫైర్‌వాల్. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది కానీ మీరు ఆన్ చేస్తే తప్ప పని చేయదు. ఆన్ చేసి ఉంటే సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 8096 స్లాష్ టీసీపీ.

కాసేపు చూడకపోతే సర్వర్ మాయమవుతోంది. కరెంటు పోయి వచ్చినా అంతే.

మొదటిది నిద్ర. సెట్టింగ్స్, పవర్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ సస్పెండ్ ఆపండి. స్క్రీన్ ఆరిపోతే ఫర్వాలేదు, మెషీన్ పడుకోకూడదు. అదే గట్టిగా చేయాలంటే సిస్టమ్‌సీటీఎల్ మాస్క్‌తో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్ స్లీప్ టార్గెట్లను మూసేయొచ్చు. లాప్‌టాప్ అయితే మూత వేసినా నడవాలి కదా, దానికి లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైను ముందున్న హ్యాష్ తీసి ఇగ్నోర్ అని పెట్టండి.

కరెంటు సంగతి బయాస్‌లో (ఉబుంటు లేవకముందే తెరిచే మెషీన్ సెట్టింగ్స్‌లో) ఉంటుంది. ఏసీ పవర్ లాస్ అనో, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని పవర్ ఆన్ చేయండి. కరెంటు రాగానే మెషీన్ తనే లేస్తుంది. మీరు లాగిన్ అవ్వక్కర్లేదు, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే ఉన్నా సర్వర్ నడుస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఉబుంటు వేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని ఉంటే బూట్‌లోనే పాస్‌వర్డ్ అడుగుతుంది, మానిటర్ లేని మెషీన్ అక్కడే రాత్రంతా కూర్చుంటుంది. రెండోది వైఫై. వైఫై పాస్‌వర్డ్ మీ ఒక్కరి ఎకౌంటులో దాచి ఉంటే మీరు లాగిన్ అయ్యేదాకా నెట్‌వర్క్ రాదు. ఆ కనెక్షన్ వివరాల్లో ఇతర యూజర్లకి కూడా అందుబాటులో ఉంచు అనే గడి ఉంటుంది, టిక్ పెట్టండి. ఇంకా మంచిది, రూటర్ నుంచి ఒక లాన్ కేబుల్ లాగేయడం.

వీడియో ఆగి ఆగి వస్తోంది, ఫ్యాన్ హోరెత్తిపోతోంది.

ట్రాన్స్‌కోడింగ్ జరుగుతోంది. మీ ఫోన్ తీసిన వీడియో హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో ఉండొచ్చు, చూసే బ్రౌజర్‌కి అది అర్థం కాకపోవచ్చు. అప్పుడు సర్వర్ అప్పటికప్పుడు దాన్ని వేరే ఫార్మాట్‌లోకి మార్చి పంపుతుంది. పాత ప్రాసెసర్‌కి అది పెళ్ళి వంటంత పని. వీడియో నడుస్తుండగా అడ్మిన్ డ్యాష్‌బోర్డ్ చూడండి, డైరెక్ట్ ప్లేనా, ట్రాన్స్‌కోడింగా, ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా అక్కడ రాసి ఉంటుంది.

బ్రౌజర్ బదులు జెల్లీఫిన్ యాప్‌లో చూస్తే చాలాసార్లు బాధ అక్కడితో పోతుంది. పోకపోతే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కి ఆ పని అప్పగించొచ్చు. ఆరో తరం నుంచి అది హెచ్‌ఈవీసీని చదువుతుంది, 10 బిట్ వీడియోలకి ఏడో తరం కావాలి. ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో క్విక్ సింక్ ఎంచుకునే ముందు జెల్లీఫిన్ యూజర్‌ని రెండర్ గ్రూపులో చేర్చి సర్వీసు రీస్టార్ట్ చేయండి. చూశారా, ఇక్కడా ఆ అద్దెకున్న మనిషికి తాళంచెవి ఇవ్వడమే.

ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెట్టొచ్చా?

హాయిగా పెట్టొచ్చు, మావన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఒక్కటే ఇబ్బంది, పొడవు. ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌ట్4లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి సంకేతమూ మూడు బైట్లు. అది కూడా మనం లెక్కపెట్టుకునే అక్షరం కాదు. "శ్రీ" మనకి ఒక అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు, అంటే 12 బైట్లు. "లక్ష్మి" 21 బైట్లు. మొత్తం మీద 85 సంకేతాలే పడతాయి.

విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లు లెక్కపెట్టదు, అక్కడ 255 తెలుగు సంకేతాలూ పడతాయి. అందుకే మా బాబాయి డిస్కులో "చిరంజీవి సౌభాగ్యవతి" అని మొదలై ముహూర్తం, మండపం దాకా పెళ్ళి పత్రిక మొత్తం ఫైల్ పేరుగా పెట్టిన వీడియో అక్కడ బాగానే ఉంది, కాపీ చేయబోతే ఫైల్ నేమ్ టూ లాంగ్ అంది. పేరు చిన్నది చేయండి. వివరమంతా జెల్లీఫిన్‌లోనే మెటాడేటా దగ్గర రాసుకోవచ్చు, దానికి ఈ హద్దు లేదు.

సబ్‌టైటిల్స్ ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పేరు చివర ఎస్‌ఆర్‌టీ ముందు టీఈ అని చేర్చితే తెలుగు అని గుర్తుపడుతుంది. తెరపై అక్షరాల బదులు డబ్బాలు వస్తే ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఫాల్‌బ్యాక్ ఫాంట్ల ఫోల్డర్ అడుగుతుంది, అందులో నోటో సాన్స్ తెలుగు ఒకటి వేయండి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య చూడాలి. ఎలా?

ముందు మీకు బయటి నుంచి దారి ఉందో లేదో చూడండి. రూటర్ పేజీలో వాన్ ఐపీ అని ఉంటుంది. అది 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా అయితే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే ఒకే బయటి అడ్రస్‌ని కంపెనీ ఎందరో ఇళ్ళకి పంచుతోంది. అప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్ళు మీ గుమ్మం దాకా రాలేరు.

సీజీనాట్ లేకపోయినా 8096ని నేరుగా లోకానికి తెరవడం నాకు ఇష్టం లేదు. రోజంతా తలుపులు తోసి చూసే రోబోలు బయట లెక్కలేనన్ని. వీపీఎన్, అంటే మీ మెషీన్ల మధ్య గుట్టుగా సాగే దారి, పెట్టుకోండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020లో 5.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. కానీ దానికి రెండు వైపుల్లో ఒక వైపైనా బయటికి కనిపించాలి. సీజీనాట్ ఉంటే టెయిల్‌స్కేల్ అనే సర్వీసు సులువు, వైర్‌గార్డ్‌నే వాడుకుంటూ దారి అదే వెతుక్కుంటుంది. మెషీన్లను కలిపే సర్వర్ మాత్రం వాళ్ళ చేతిలో ఉంటుంది, ఓపెన్ సోర్స్ కాదు. అది కూడా సొంతంగా కావాలనే పట్టుదల ఉంటే ఆ సర్వర్‌కి ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయమైన హెడ్‌స్కేల్ చూడండి.

చివరికి తేల్చేది మీ అప్‌లోడ్ స్పీడు. ఫుల్ హెచ్‌డీ వీడియోకి సెకనుకి 8 మెగాబిట్లు అనుకుంటే, అన్నయ్య, వదిన వేరే వేరే గదుల్లో చెరొకటి చూస్తే 16 కావాలి. ఇవి మీ ఇంటి వీడియోలకి చెప్తున్న మాటలు. కొన్న సినిమాలను ఊరందరికీ పంచడానికి కాదు.

డాకర్‌లో పెట్టుకోవడం మంచిదంటున్నారు?

డాకర్ (ప్రోగ్రామ్‌లను వేరు వేరు డబ్బాల్లో పెట్టి నడిపే పద్ధతి) ఇప్పటికే తెలిసినవాళ్ళకి మంచిదే. తెలియనివాళ్ళకి ఇది రెండు చదువులు ఒకేసారి. పర్మిషన్ల గొడవ అందులోనూ ఉంటుంది, ఇంకో పొర లోపలికి వెళ్తుంది, అంతే. ఒకటి గుర్తుంచుకోండి: డాకర్ తెరిచిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నిబంధనలను పక్కన పెట్టి బయటపడతాయి. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

అప్‌డేట్లు, బ్యాకప్ ఎలా?

మామూలు ఆప్ట్ అప్‌డేట్, అప్‌గ్రేడ్‌తోనే జెల్లీఫిన్ కూడా కొత్తదవుతుంది. పెద్ద వెర్షన్ మారేటప్పుడు మాత్రం ముందు బ్యాకప్ తీయండి. డేటాబేస్‌ని కొత్త పద్ధతిలోకి మార్చేస్తే తిరిగి పాత వెర్షన్‌కి రాలేరు. సర్వీసు ఆపి, /ఈటీసీ/జెల్లీఫిన్, /వార్/లిబ్/జెల్లీఫిన్ ఫోల్డర్లు రెండూ వేరే డిస్క్‌కి కాపీ చేసి, మళ్ళీ మొదలుపెట్టండి. నడుస్తుండగా కాపీ చేస్తే డేటాబేస్ సగం సగం రావచ్చు. యూజర్లు, ఎవరు ఎక్కడ ఆపారో, మీరు రాసుకున్న వివరాలు, అన్నీ ఆ రెండింట్లోనే. వీడియోలు అందులో ఉండవు, వాటి బ్యాకప్ మీ పూచీ.

ఉబుంటునే 22.04 నుంచి 24.04కి మార్చితే బయటి రిపాజిటరీలన్నిటినీ అది ఆపేస్తుంది. జెల్లీఫిన్ నడుస్తూనే ఉంటుంది, అప్‌డేట్లు మాత్రం చప్పుడు లేకుండా ఆగిపోతాయి. ఏడాది పాత వెర్షన్ మీద ఉన్నామని ఎప్పుడో తెలుస్తుంది. అప్‌గ్రేడ్ అయ్యాక ఆ స్క్రిప్ట్‌ని ఇంకోసారి నడిపితే సరి.

వద్దనుకుంటే ఎలా తీసేయాలి? నా వీడియోలు పోతాయా?

ఆప్ట్ రిమూవ్ అంటే ప్రోగ్రామ్ పోతుంది, సెట్టింగ్స్ మిగులుతాయి. ఆప్ట్ పర్జ్ అంటే సెట్టింగ్స్ కూడా పోతాయి. మీ వీడియోలను రెండూ ముట్టుకోవు.

వీడియో పోయే దారి వేరే ఉంది. జెల్లీఫిన్‌లో ఏదైనా వీడియో మెనూలో డిలీట్ మీడియా అని ఉంటుంది. అది జాబితాలోంచి తీయడం కాదు, డిస్క్‌లోంచే తీసేస్తుంది, రీసైకిల్ బిన్ కూడా లేదు. పిల్లల లాగిన్లకి డిలీట్ హక్కు ఇవ్వకండి. ఫోల్డర్ మీ పేరు మీద ఉండి, జెల్లీఫిన్‌కి చదివే హక్కు మాత్రమే ఉంటే అడ్మిన్ పొరపాటున నొక్కినా ఫైల్ కదలదు. మా చిన్నాడు రిమోట్‌తో ఒకసారి నొక్కాడు. ఎర్రర్ వచ్చింది, అన్నప్రాశన వీడియో అలాగే ఉంది.